తల్లిగారి చీర, డెబ్బై ఎనిమిది శాతం

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు వేశారు. రోజూ వేసే సమయమే. సెల్లారులో పెద్ద ప్లగ్గు పట్టే సాకెట్ ఒక్కటే ఉంది. వాచ్‌మన్ మల్లేశ్ అందులోంచి మా కరెంటు కారు ప్లగ్గు పీకేసి మోటారు ప్లగ్గు పెడతాడు. ఆ రోజూ అదే చేశాడు. తర్వాత పావుగంటకు ఫోను వచ్చింది. ధర్మపురి దగ్గరి ఊళ్లో ఉండే మా అక్క భారతమ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయింది.

ఫోను చేసింది అక్క కొడుకు శ్రీనివాస్. ఏడవలేదు. పనులు చెప్పాడు. "మామా, తల్లిగారి చీర నువ్వే తేవాలె. నువ్వచ్చినంకనే ఎత్తుతం. గని పొద్దుగూకక ముందే ఎత్తాలె."

మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర తెచ్చి కప్పాలి. అది కప్పాకే పాడె లేస్తుంది. తల్లి పోయి నలభై ఏళ్లయినా దాన్ని తల్లిగారి చీర అనే అంటారు. తమ్ముడు కూడా పోయాక మా అక్కకు తల్లిగారిల్లంటే నేనూ, తమ్ముడి కొడుకు నిఖిలూ, అమీర్‌పేటలో ఈ రెండు గదుల ఫ్లాటూ. రాత్రంతా ఉంచి మర్నాడు ఎత్తడం కూడా కుదరదు. పాడె లేచేదాకా ఆ వాడలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించరు. పసిపిల్లలకు పాలు కాచాలన్నా పక్క వాడకు పోవాలి.

చీర ఉంది. బతుకమ్మ పండక్కి అక్క కోసం కొన్న నేత చీర, పంపడం కుదరక బీరువాలోనే ఉండిపోయింది. ముదురు ఆకుపచ్చ, సన్నటి ఎర్ర అంచు. దారి రెండు వందల ముప్పై కిలోమీటర్లు. చేతిలో పదకొండు గంటలున్నాయి. ఎడ్లబండి తప్ప ఏదెక్కినా చేరవచ్చు అనుకున్నాను.

సెల్లారు

నిఖిల్ రెండు నెలల కిందట కరెంటు కారు కొన్నాడు. చదివింది ఇంజినీరింగే అయినా అతనికి ఉద్యోగం తెచ్చింది మాత్రం మా వీధి చివర బిర్యానీ హోటల్ మీది గదిలో నేర్చుకున్న నలభై అయిదు రోజుల కోర్సు. అమీర్‌పేటలో ప్రపంచంలోని విద్యలన్నీ నలభై అయిదు రోజుల్లో వస్తాయి. మొదటి మూడు రోజులు డెమో, ఉచితం. ఆ డెమోలో మాస్టారు ఎంత ధీమాగా మాట్లాడతాడో, కారు గురించి నిఖిల్ అంత ధీమాగా మాట్లాడతాడు.

"డెబ్బై ఎనిమిది శాతం ఉంది పెద్దనాన్నా. ఫుల్లుకు మూడు వందల పన్నెండు. అంటే ఇప్పుడు రెండు వందల నలభై మూడు. ఊరు రెండు వందల ముప్పై. ఇంక పదమూడు మిగుల్తది."

బ్రోచరు నేనూ చూశాను. మూడు వందల పన్నెండు పక్కన చిన్న చుక్క గుర్తు ఉంది. ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాను, చుక్క కనిపిస్తే కింద ఏముందో చూడకుండా ఉండలేను. కింద ఆవగింజంత అక్షరాల్లో 'పరీక్షా పరిస్థితులలో' అని ఉంది. ఆ పరీక్షలో ఏసీ ఉండదు, ఎదురుగాలి ఉండదు, ఎవరి అక్కా చనిపోయి ఉండదు.

ఎదురింటి గౌస్ భాయ్ అప్పటికే కిందికి వచ్చాడు. యూసుఫ్‌గూడలో అతనికి మెకానిక్ షెడ్డు ఉంది. ఇరవై ఏళ్ల నాటి డీజిల్ వ్యాన్ ఉంది. నా చేయి పట్టుకున్నాడు. తర్వాత కారు వైపు చూశాడు.

"సాబ్, మయ్యత్‌కు పోతున్రు. గీ బొమ్మ కారుల పోతరా? నా వ్యాన్ల కూసోండ్రి. ఫికర్ లేకుండ ఒంటిగంటకల్లా దింపుత."

"భాయ్, నీ వ్యాన్ పోతే ఊరంత దగ్గుతది," అన్నాడు నిఖిల్.

"దగ్గుతది గని చేరుతది, బేటా."

నిఖిల్ మొహం మాడింది. పొద్దున్నే చావు కబురు విన్నవాణ్ణి, ఇంకొకరిని చిన్నబుచ్చాలనిపించలేదు. "వీడితోనే పోతాలే భాయ్," అని కారెక్కాను. ఆ రోజు జరిగినదానికి కారును ఎంత వెక్కిరించినా, ఈ మాట అన్నది నేనే.

పంజగుట్ట

పదమూడు కిలోమీటర్ల మిగులు ఉన్నా, ముందుజాగ్రత్తగా పంజగుట్టలో ఒక మాల్ కింద ఇరవై నిమిషాలు ఛార్జింగ్ పెడదామన్నాడు నిఖిల్. ఊరు ఉత్తరాన ఉంటే మేం దక్షిణానికి బయల్దేరాం. ఏడుంబావుకు గేటు ముందున్నాం. గేటు మూసి ఉంది. లోపల సెక్యూరిటీ అతను కుర్చీలో కూర్చుని ఉప్మా తింటున్నాడు. మాట శ్రీకాకుళం వైపుది.

"పదింటికండి," అన్నాడు.

నిఖిల్ ఫోను చూపించాడు. "యాప్‌లో ట్వంటీ ఫోర్ అవర్స్ అని ఉంది కదా."

"యాప్ ఇరవై నాలుగ్గంటలూ తెరిసే ఉంటాదండి. గేటు పదింటికి."

ఇంతకన్నా స్పష్టంగా ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు.

అక్కడి నుంచి అర కిలోమీటరు దూరంలో ఒక ఆఫీసు భవనానికి పోయాం. అక్కడ ఛార్జర్ ఉంది, కరెంటు ఉంది, గేటూ తెరిచి ఉంది. 'విద్యుత్ వాహనాలకు మాత్రమే' అని ఆకుపచ్చ బోర్డు ఉంది. బోర్డు కింద పెద్ద డీజిల్ బండి ఉంది. అందులో డ్రైవర్ సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు. అద్దం మీద కొడితే కొంచెం దించాడు.

"జర తీస్తవా అన్నా? ఛార్జింగ్ పెట్టాలె," అన్నాడు నిఖిల్.

"పెద్ద సార్ బండి. నీడకు పెట్టమన్నడు."

"ఇది కరెంటు బండ్ల జాగ."

"నీడ అందరిది గాదా తమ్మీ?" అని అద్దం ఎత్తుకున్నాడు.

బతిమాలడం, సెక్యూరిటీని పిలవడం, సెక్యూరిటీ ఇంకెవరినో పిలవడం, ఆ ఇంకెవరో 'పెద్ద సార్' పేరు విని వెనక్కి తగ్గడం. ఇంతలో ఎనిమిదిన్నర అయింది. పంజగుట్టలో మేం సంపాదించినది మైనస్ రెండు శాతం.

శామీర్‌పేట దాటాక

ఈ కార్లలో ముందు ఒక తెర ఉంటుంది. ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోగలమో అందులో కనిపిస్తుంది. మేం నలభై కిలోమీటర్లు పోయేసరికి తెర మీద అరవై తగ్గాయి. దాన్ని చూడకుండా కూర్చోవాలని చెట్లు చూశాను, పొలాలు చూశాను. మళ్లీ అదే చూశాను. ఆస్పత్రిలో మంచం పక్కన పెట్టే తెరను చూసినట్టే ఉంటుంది.

"హైవే మీద స్పీడుకు ఎక్కువ తింటది," అన్నాడు నిఖిల్. ఏసీ ఆపాడు. అంకె తొమ్మిది పెరిగింది. "చూసినవా! తొమ్మిది కిలోమీటర్లు వెనక్కొచ్చినయ్." ఆ గొంతులో నిజమైన సంతోషం ఉంది.

"దింపుడు కల్లం ఆశ," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"అంటే ఏంది పెద్దనాన్నా?"

చెప్పాను. శవాన్ని మోసుకుపోతూ దారి మధ్యలో ఒకచోట దింపుతారు. పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, ఒకవేళ ప్రాణం ఉంటే లేస్తారని.

అతను వేగం కొంచెం తగ్గించాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఎవరన్న లేసిన్రా?"

"నాకు తెలిసి లేవలేదు."

అక్టోబరు ఎండ. అద్దాలు దించితే గాలికి ఛార్జింగ్ ఎక్కువ తింటుందని అవి కూడా ఎత్తే ఉంచాడు. చీర సంచి ఒళ్లో పెట్టుకుని చెమటలు కక్కుతూ ముప్పావు గంట కూర్చున్నాను.

సిద్దిపేట

సిద్దిపేట పొలిమేరలో ఒక హోటల్ ముందు ఛార్జర్ ఉంది. తెల్లగా, ఎత్తుగా, కొత్త బీరువాలా ఉంది. మీద ప్రారంభోత్సవం నాటి రిబ్బను ముక్క ఇంకా వేలాడుతోంది. నిఖిల్ ఫోనులో తొమ్మిది యాప్‌లున్నాయి. ఒక్కో ఛార్జర్‌కు ఒక్కో యాప్. ఒక్కోదాంట్లో ముందే డబ్బు వేయాలి, ఒక్కోటి ఒక్కో ఓటీపీ పంపుతుంది. మా తాతల కాలంలో ఊరికో దేవత ఉండేది, ప్రతి దేవతకూ వేరే మొక్కు ఉండేది. ఇక్కడి దేవత ఏ మొక్కుకీ పలకలేదు. తెర నల్లగానే ఉంది.

హోటల్ నడిపే ఆవిడ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. "గది నడువది బిడ్డా."

"ఎప్పటి సంది?" అన్నాడు నిఖిల్.

"ఓపెనింగ్ నాడు నడిచింది. పెద్ద సార్లు అచ్చిన్రు, కొబ్బరికాయ కొట్టిన్రు, ఒక బండి పెట్టిన్రు, ఫొటో దిగిన్రు."

"తర్వాత?"

"తర్వాత ఫొటో పేపర్ల సుత అచ్చింది."

ఇడ్లీ తినమంది. నాకు సయించలేదు, చాయ్ మాత్రం తాగాను. అమీర్‌పేటలో ఇరవై తీసుకునే చాయ్ ఇక్కడ పది. గ్లాసు కూడా పెద్దది. "ఎటు పోతున్రు?" అని అడిగింది. హైదరాబాదులో ఈ ప్రశ్న ఎవరూ అడగరు, ఫోనే అడుగుతుంది. అక్క పోయిందని, తల్లిగారి చీర తీసుకుపోతున్నానని చెప్పాను. ఆవిడ నాలుక కరుచుకుంది. చావుకు పోయేవాళ్లను ఎటు పోతున్నారని అడగకూడదట. చాయ్ పైసలు తీసుకోలేదు. "గీ బండి ఈడ పెట్టి బస్సెక్కు అన్నా. ఆమె నీ కోసం సూస్తుంటది," అంది.

ఇది రెండోసారి. పొద్దున గౌస్ భాయ్, ఇప్పుడు ఈమె. నేను నిఖిల్ వైపు చూశాను. అతను ఫోనులో పటం పెద్దది చేసి చూస్తున్నాడు. "కరీంనగర్‌ల పక్కా నడుస్తుందంట పెద్దనాన్నా. రివ్యూలు మస్తున్నయ్. అరవై అయిదే. నలభైలో పోతే అందుకుంటం." అతని చెవుల వెనక నుంచి చెమట కారుతోంది. బస్సెక్కుతానని చెప్పలేకపోయాను.

రైస్ మిల్లు

గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో నాలుగు వరుసల రహదారి మీద పోవడం ఒక అనుభవం. వడ్ల ట్రాక్టర్ ఒకటి మమ్మల్ని దాటింది. పైన కూర్చున్న కూలీలు చేతులూపారు. గొర్రెల మంద ఒకటి కాసేపు మాతో సమానంగా వచ్చింది.

పన్నెండుంబావుకు నాలుగు శాతం మిగిలింది. కరీంనగర్ ఇంకా ఇరవై కిలోమీటర్లు. రోడ్డు పక్క రైస్ మిల్లు కనిపిస్తే లోపలికి తిప్పాం. మిల్లు కరెంటు పని చూసే ఐలయ్య అనే ఆయన బీడీ ఆర్పి లేచాడు. అరవై ఏళ్లుంటాయి. సంగతి విని వెంటనే సాకెట్ చూపించాడు. ప్లగ్గు పెట్టగానే నిఖిల్ తెచ్చిన ఛార్జర్ పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది.

"ఎర్త్ ఫాల్ట్," అన్నాడు నిఖిల్ నీరసంగా. "ఎర్తింగ్ సరిగ్గ లేకుంటే ఇది తీసుకోదు."

ఐలయ్య నవ్వాడు. "నా మిల్లు ముప్పై ఏండ్ల సంది నడుస్తుంది. దానికి ఎన్నడు ఎర్ర లైటు రాలే. నీ బండికి భూమి తెలుస్తలేదు, గంతే." గోడ వెనక ఎర్తింగ్ గుంత దగ్గరికి తీసుకుపోయాడు. అది ఎండి పగిలి ఉంది. ఒక డబ్బాలో ఉప్పు, రెండు బిందెల నీళ్లు తెప్పించాడు. "గుంతల పొయ్ సారూ," అని ఒక బిందె నా చేతికిచ్చాడు. పోశాను. నీళ్లు ఇంకుతుంటే బుడగలు వచ్చాయి. రెండో బిందె కూడా నేనే పోశాను. దీపం ఆకుపచ్చగా మారింది. మిల్లులో పనిచేసే ఆడవాళ్లు కొందరు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఒంటిగంట దాటింది. శ్రీనివాస్ ఫోను.

"మామా, ఏడికచ్చిన్రు?"

"కరీంనగర్ దగ్గర."

"ఏం చేస్తున్రు?"

"ఛార్జింగ్ పెట్టినం."

"ఫోనుకా?"

"కారుకు."

ఫోనులో వెనక ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది. "తానం చేయించినం మామా," అని పెట్టేశాడు.

ఆ సాకెట్‌తో గంటకు పది శాతం ఎక్కుతుంది. నిఖిల్ మళ్లీ లెక్కలు వేశాడు. గంటన్నర ఇక్కడ, తర్వాత కరీంనగర్‌లో అరగంట, అయిదున్నరకు ఊళ్లో. నేను మెట్టు మీద కూర్చుని ఆ లెక్క విన్నాను. తప్పులేం లేవు. పది నిమిషాలకే కరెంటు పోయింది.

మిల్లు ఆగితే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"అయిదు నిమిషాల్ల వస్తది పెద్దనాన్నా," అన్నాడు నిఖిల్. రెండున్నర దాకా అదే మాట అంటూనే ఉన్నాడు.

"అయిదు నిమిషాలల్ల రాదు," అన్నాడు ఐలయ్య నాతో. "పెద్దమనిషివి, నీకు తెల్వదా? కారు యాడికి పోదు. అటు చూడు, కరీంనగర్ బస్సు అస్తుంది. ఉరుకు."

ఉరికాను. చీర సంచి గుండెకు పట్టుకుని, అరవై ఆరేళ్ల వయసులో, రోడ్డు దాకా ఉరికాను. వెనక నిఖిల్ ఏదో అంటున్నాడు, వినలేదు.

జగిత్యాల బస్టాండు

కరీంనగర్‌లో ఇంకో బస్సు మారాను. నా పక్కన కూర్చున్న ఒక మిర్చి వ్యాపారి నేనడగకుండానే కిటికీ సీటు ఇచ్చాడు. చీర సంచి చూసి ఏదో అర్థం చేసుకున్నట్టున్నాడు, దారిపొడుగునా ఫోనులో మాట్లాడలేదు. ఈ బస్సు ఎంత దూరం పోగలదో చెప్పే తెర ఏదీ లేదు.

జగిత్యాల బస్టాండులో దిగేసరికి అయిదూ అయిదు. శ్రీనివాస్ ఫోను మళ్లీ వచ్చింది.

"మామా, ఇగ ఆగలేం. పొద్దు దిగుతుంది. వాడల పొద్దటి సంది పొయ్యిలు ఎలగలే. పిల్లలు ఏడుస్తున్రు. ఏం చెయ్యమంటవ్?"

ఇంకా ముప్పావు గంట పడుతుంది. ఎవరు ఏ లెక్క వేసినా అంతే పడుతుంది.

"ఎత్తండి," అన్నాను.

"చీర?"

"ఎత్తండి నాయనా."

అక్క ఇల్లు

ఆటో దిగేసరికి వాకిలి కడుగుతున్నారు. శవం లేచాక ఇల్లు కడుగుతారు. నీళ్లు నా చెప్పుల కిందికి వచ్చాయి. శ్మశానం వైపు పొగ కనిపిస్తోంది. నేను గడప బయటే నిలబడ్డాను.

చీపురు పట్టుకున్న పెద్దావిడ వచ్చి నా ముందు ఆగింది. కనకవ్వ అట, గోడకవతల ఇల్లు. అక్కా ఆమే యాభై ఏళ్లు ఒకే బావి నీళ్లు తోడుకున్నారు.

"తమ్ముడూ, నడిమిల దింపిన కాడ సుత నీ కోసం ఆగినం. నీ జాడ లేదు. తల్లిగారి చీర లేకుంట ఎట్ల పంపుడు? నాది ఒక్కటి మడత ఇప్పనిది పెట్టెల ఉండె, ఎత్తేటప్పుడే అది కప్పిన. మా తల్లిగారిది సుత మీరు పుట్టిన నేతోళ్ల ఊరే. ఇంటి పేరు ఏరే అయితేంది? నేనే మీ ఇంటి ఆడిబిడ్డననుకొని కప్పిన. తప్పైతే కొట్టు."

నేను సంచిలోంచి చీర తీసి ఆమె చేతుల్లో పెట్టాను. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. అంచు వేలితో రాసి చూసింది. "ఆమె నాది కట్టుకొని పోయింది. ఇగ నీది నేను కట్టుకుంట," అంది. తర్వాత అక్కడే మెట్టు మీద కూర్చుని, నన్ను కూడా కూర్చోబెట్టి, అప్పుడు ఏడ్చింది. వాడలో ఒక్కొక్క ఇంట్లోంచీ పొయ్యి పొగ లేస్తోంది.

మూడో రోజు

నిఖిల్ మర్నాడు పొద్దున్నే వచ్చాడు, నూరు శాతంతో. రాత్రి ఐలయ్య ఇంట్లోనే పడుకున్నాడట. వాళ్లు జొన్నరొట్టె పెట్టారట. ఊళ్లో పిల్లలు కారు చుట్టూ తిరిగి ఇంజన్ చప్పుడు లేదేమని అడిగారు. ముసలాయన ఒకడు బానెట్ మీద చేయి వేసి, "గిది కరెంటు బండి అంటివి. మా కరెంటు సంగతి నీకు ఎవలు చెప్పలేదా?" అన్నాడు. నిఖిల్ గోడవార కూర్చుని, చాలామంది వెళ్లిపోయాక, మేనత్త ఫొటో ముందుకు పోయి నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో నేను చూడలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టి, కాకి ముద్ద ముట్టాక బయల్దేరాం. చావింటి నుంచి పోయొస్తామని చెప్పకూడదు, ఊరికే లేచి రావాలి. అలాగే లేచి వచ్చాం. తిరుగుదారిలో కరీంనగర్ ఛార్జర్ నిజంగానే నడిచింది. నలభై నిమిషాలు పట్టింది. తొందర లేని రోజున ఆ కారు చాలా మంచి కారు. చప్పుడు లేదు, పొగ లేదు. మిల్లు దగ్గర ఆగి ఐలయ్యకు పండ్లు ఇచ్చాం. గౌస్ భాయ్ మమ్మల్ని చూసి ఇంటి నుంచి బిర్యానీ పంపాడు. చావు ఇల్లు కదా అని మాంసం వేయకుండా వండించాడు.

ఆ తర్వాత మా బంధువుల్లో ఇద్దరు ఆడవాళ్లు పోయారు. ఒకరి తల్లిగారిల్లు బేగంపేటలో ఉంది, ఇంకొకరిది సూరత్‌లో. రెండు చోట్లా ఊళ్లోవాళ్లే ఒకరు చీర కప్పారు. మొదటిసారి ఆ మాట అన్నది శ్రీనివాసే అని విన్నాను. మా అమ్మకు అట్లనే అయింది, ఏం తక్కువ కాలేదు అన్నాడట. దూరాన ఉన్నవాళ్లకు ఫోను వస్తుంది, ఎన్ని గంటలకు ఎత్తుతారో చెబుతారు. ఎక్కడిదాకా వచ్చారని అడగరు. తల్లిగారి చీర కోసం ఇప్పుడు మావాళ్లెవరూ పాడె ఆపడం లేదు.